పేరు తీసేసిన కాగితాలు

‘లేదు’ అన్న ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చిన్న మాటే. మోసీ మోసీ నడుం వంగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మొహం చూసి మాట మింగేసేదాన్ని.

నా చదువు ఐదో తరగతితో సరి. భర్త పోయాక బాపట్లలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో వంటావార్పూ చూసుకుంటూ ఉండిపోయాను. అన్నయ్య ప్రొఫెసరు. పిల్లల చదువుల మీద దేశదేశాల వాళ్లు చేసే పరిశోధనలు అచ్చువేసే ఒక ఇంగ్లీషు పత్రికను ఆయన ఇంట్లోంచే నడిపేవాడు. అచ్చు మాత్రం తెనాలిలో.

ఆ పత్రికకు ఒక కట్టుబాటు ఉండేది. వచ్చిన వ్యాసం మీద రాసినవారి పేరున్న కాగితం తీసేసి, మిగతాది ఇద్దరు పెద్దలకు పంపాలి. ఎవరు రాశారో తెలియకుండానే చదివి, అచ్చుకు పనికొస్తుందో లేదో వాళ్లు చెప్పాలి. “పేరు తెలిస్తే తూకం మారిపోతుంది చెల్లాయ్” అనేవాడు అన్నయ్య. ఆ పేరు కాగితాలు తీసి బీరువాలో దాచే పని నాది. నాకు ఇంగ్లీషు రాదుగా, భయం లేదనుకున్నాడు. కానీ ఇంటికి ఎవరొచ్చారో, ఏం తెచ్చారో నాకు చదువు లేకపోయినా గుర్తుంటుంది కదా?

ఎనభైల చివర్లో ఒక ముసురు రోజున భట్టిప్రోలు నుంచి కరుణ టీచర్ వచ్చింది. కవరు తడవకుండా పమిట కింద దాచుకుని తెచ్చింది. నాట్లకు వెళ్లే కూలీల పిల్లలు చదువు మానకుండా తెల్లవారుజామునే పాఠాలు పెట్టిందట. నాలుగేళ్ల ఆ కష్టమంతా వ్యాసంగా రాసింది. కాఫీ తాగుతూ నాకే చెప్పింది. ఆ మొహం ఎంత వెలిగిందో!

తెనాలి ప్రెస్సులో ప్రూఫులు ఇచ్చి, రేపల్లె రైలెక్కి, ఆ వ్యాసం చదివి చెప్పాల్సిన ఇద్దరిలో ఒకరైన అక్కడి లెక్చరరు గారికి అందించింది నేనే. ఆయన రెండు కాగితాలు తిప్పి నవ్వాడు.

“ఏంటి అక్కయ్యగారూ, ఈ తెల్లారగట్ల బడి ఎవరిదండి?”

“అమ్మో, పేరు చెప్పకూడదండి.”

“పోనీలెండి. అయినా మీకు మాత్రం ఏం గుర్తుంటుంది, వయసు మీద పడుతోందిగా!”

గుర్తులేకపోవడమా? నాకా? ముసురు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. కవరు, పమిట, కాఫీ. కథలో మనిషికి పేరు పెట్టకుండా చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. చెప్పేశాను.

“ఓహో, ఆవిడా! మొన్న మీటింగులో అందరి ముందూ ‘మా పేటకి ఎప్పుడైనా వచ్చారా సార్’ అని నన్ను నిలదీసిన మహాతల్లి!”

అని, కాగితాలు మూసేశాడు. ఇక చదవలేదు. చూస్తూనే ఉన్నాను. బాపట్ల వెళ్లగానే అన్నయ్యతో చెప్పి ఉంటే, ఇంకొకరికి పంపేవాడు. చెప్పలేదు.

ఆ ఇద్దరిలో రెండో ఆవిడ, విదేశాల్లో చదివొచ్చినావిడ, వ్యాసం బాగుందని రాసింది. రేపల్లె ఆయన కట్టుకథ అని రాశాడు. మన ప్రాంతం తెలిసినవాడి మాటే నిజమని నమ్మి అన్నయ్య తిప్పి పంపాడు.

కొన్నాళ్లకు కరుణ టీచర్ మళ్లీ వచ్చింది. “రేపల్లె లెక్చరరు గారికి నా పేరు తెలిసిందండి. నేను రాసిన మాటలే నాకు అప్పజెప్పి బజార్లో ఎగతాళి చేశారండి” అంది. అన్నయ్య నన్ను వంటింట్లోంచి పిలిచాడు.

“చెల్లాయ్, ఈవిడ పేరు రేపల్లెలో చెప్పావా?”

“లేదన్నయ్యా.”

“మా చెల్లెలు అబద్ధమాడదమ్మా. వ్యాసం తిరిగొస్తే పెద్దవాళ్ల మీద నింద వెయ్యడం పద్ధతి కాదు.”

ఆమె నా వంక చూసింది. కోపంగా కాదు. ఇంకా ఏదో అంటానేమోనని ఆశగా. నేను పులుసు పొంగుతోందని వెనక్కి తిరిగాను.

ఎందుకన్నాను ఆ మాట? నీడ పోతుందని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అన్నయ్య నన్ను వెళ్లగొట్టేవాడు కాదు. ఆ కాగితాలు ఇక నా చేతికి ఇచ్చేవాడు కాదు, అంతే. ఇంగ్లీషు రాని నేను ఆ పెద్ద పత్రికలో ఒక మనిషిననే గొప్ప పోతుందని, ఒక మనిషి నాలుగేళ్ల కష్టాన్ని కట్టుకథ కానిచ్చాను. ఇంతకన్నా చవకగా ఎవరైనా అమ్ముడుపోతారా?

కట్టుకథ అన్న మాట రేపల్లె నుంచి చెరుకుపల్లి దాకా టీచర్ల నోళ్లలో నలిగింది. హెడ్మాస్టరు ఆ తెల్లవారుజాము బడి మాన్పించాడు. పిల్లలు నాట్లకు పోయారు. ఆ తర్వాత కరుణ టీచర్ ఏమీ రాయలేదని విన్నాను.

తొంభైల్లో పత్రిక ఆగిపోయింది. ఆఖరి సంచికకు రాసిన ముందుమాట అన్నయ్య నాకు తెలుగులో చదివి వినిపించాడు. ఇన్నేళ్లలో ఒక్క పేరు కూడా ఈ గడప దాటలేదని రాసుకున్నాడు. చదివి, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూశాడు. బాగుందన్నయ్యా అన్నాను. అది నమ్ముకునే పోయాడు.

ఇప్పుడు చెబితే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఆ పిల్లలు చదువుకునే వయసు దాటిపోయింది. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, అడగను. కానీ ఆ రోజు మా ఇంట్లో నిజం చెప్పింది కరుణ టీచర్. అబద్ధం ఆడింది నేను. ఈ ముక్క రాయడానికి పొద్దుటినుంచీ కూర్చున్నాను. రాశాను.