మూడు దినాల ఉపవాసం, పెట్టని సంతకం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను మందమర్రి బొగ్గుబాయిలో నీళ్ల పంపు నడిపేవాణ్ణి, మన సంఘంలో పెద్దను. ఆ పెద్దరికం నా కుర్చీకే గానీ బుద్ధికి రాలేదని నా జీవితంలోని మూడు చీకటి దినాలు రుజువు చేశాయి. ఈ సంగతి మా అమ్మాయి దీవెన చెప్పమంటేనే చెబుతున్నాను. "నిన్ను నువ్వు మంచిగ తిట్టుకో బాపూ, మొహమాటపడకు" అని షరతు కూడా పెట్టింది.

దీవెనకు అప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతూ ఆస్పత్రికి శిక్షణకు వెళ్లేది. ఒక మంగళవారం పదకొండింటికి, హెచ్‌ఐవీ ఉన్న రోగికి రక్తం తీసిన సూది ఆమె వేలికి గుచ్చుకుంది. డాక్టరమ్మ నన్ను పిలిపించి, జబ్బు అంటకుండా ఆపే మాత్రలున్నాయని, ఇరవై ఎనిమిది రోజులు వేసుకోవాలని, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని, మూడు రోజులు దాటితే లాభం లేదని చెప్పి, పిల్లకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది. నేనేం చేశాను? తలుపు మీద హెచ్‌ఐవీ అని రాసిన అక్షరాలు చూశాను, వరండాలో మన కాలనీవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూశాను, నా బిడ్డ ముఖం తప్ప అన్నీ చూశాను! "మా పిల్లకు గసొంటి మందులెందుకమ్మా, మేం ప్రార్థన చేసుకుంటం" అని ఇంటికి తీసుకొచ్చేశాను.

వచ్చీరాగానే మూడు దినాల ఉపవాస ప్రార్థన ప్రకటించాను. ఏ కష్టమొచ్చినా మనకు మూడు దినాలే కదా! సంఘానికి మాత్రం దీవెన పరీక్షల కోసమని చెప్పాను. చూడండి, అన్నం మానాను గానీ అబద్ధం మానలేదు. మందుకున్న గడువూ సరిగ్గా ఆ మూడు రోజులేనన్నది నా తలకెక్కలేదు. బాయిలో నీళ్లు తోడేవాణ్ణి నేను మోకాళ్ల మీద ఉంటే, ఇంట్లో కన్నీళ్లు తోడింది నా భార్య మరియమ్మ.

"ఉపాసం పిల్లను కాదు, నీ సిగ్గును ఉంచు. నేనే పోయి సంతకం పెడ్త" అని లేచింది. "విశ్వాసం లేదా నీకు?" అని తలుపుకు అడ్డం నిలబడ్డాను. అవును, నేనే!

శుక్రవారం పొద్దున కుటుంబ ప్రార్థనలో దీవెన వంతు వచ్చింది. "యేసయ్యా, మా బాపు సంతకం పెడ్తలేడు. నువ్వన్న వచ్చి పెట్టు. పదకొండు దాటితే మందు పనిజెయ్యదట. నాకు బతకాలని ఉన్నది" అంది.

సహోదరులారా, దేవుడు మాట్లాడితే ఉరిమినట్టు ఉంటుందనుకునేవాణ్ణి; ఆయన నా బిడ్డ సన్నని గొంతుతో నా చెంప పగలగొట్టాడు. ఆమేన్ కూడా అనకుండా దీవెనను ఎక్కించుకుని బండి తీశాను, పదకొండు కాకముందే ఆస్పత్రి చేరాం. డాక్టరమ్మ నన్ను చూసి, "ప్రార్థన అయిపోయిందా పెద్దాయనా? జర ఇప్పుడన్న కలం పట్టు" అని, మొదటి మాత్ర తన ఎదుటే మింగించింది. వాంతులైనా, కళ్లు తిరిగినా దీవెన ఇరవై ఎనిమిది రోజులూ మానలేదు. ఆఖరి పరీక్షలో కూడా జబ్బు లేదని తేలింది. దేవునికే మహిమ!

కానీ నా కోపం చల్లారలేదు. నా తప్పు సంఘంలో ఒప్పుకున్న ఆదివారం ఒక సహోదరుడు నా చెవి దగ్గరికొచ్చి, "నిజంగ సూదేనా అన్నా?" అని అడిగాడు. సూది కాకపోతే? పిల్ల ప్రేమించి తప్పటడుగు వేసి ఉంటే, ఎవడో బలవంతం చేసి ఉంటే, మాత్ర ఇవ్వకుండా చావమని వదిలేద్దామా? మన బిడ్డల ప్రాణం కన్నా మన పరువు బరువైందా? కుష్ఠురోగిని ముట్టుకున్న నా ప్రభువు, నీకిది ఎట్లా వచ్చిందని అతణ్ణి అడగలేదు!

ప్రియులారా, ప్రార్థన వినే దేవుడే ఆ మందునూ ఇచ్చాడని నమ్మండి. రేపు మీ బిడ్డ వణుకుతూ మీ ముందు నిలబడితే ఏమీ అడగకండి. చెప్పులేసుకుని బయలుదేరండి, ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.