అడగొద్దన్నాం

గన్నవరం దగ్గర మా ఆఫీసు. రొయ్యల చెరువుల రైతులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే చెరువులో పెట్టిన పరికరం కనిపెడుతుంది, రైతు ఫోన్ మోగుతుంది, అతను లేచి జనరేటర్ వేసి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుకుంటాడు. వేళకి ఆ ఫోన్ మోగించడమే మా పని. నేను చేరేనాటికే ఆ ప్రోగ్రామ్ రాసి నిలబెట్టినాయన అక్కడ ఉన్నారు. విజయవాడ వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన ముస్లిం, నాకంటే పెద్దవారు. నేను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను సిస్టర్ అనేవారు.

కోడ్ రాసే ఏఐ అసిస్టెంట్‌ని తెచ్చినప్పుడు మా ఓనర్ నన్ను పిలిచారు.

"మీ అమ్మగారు గుణదలలో టీచరు కదండీ, పద్ధతులు నేర్పడం మీకు పుట్టుకతోనే వచ్చుంటుంది. అది మన దగ్గర ఎలా నడుచుకోవాలో మీరే రాయండి."

నవ్వుతూ అన్నారు. నేనూ సంతోషపడ్డాను.

భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. చెప్పిన పని మాత్రమే చెయ్యి. తెలియకపోతే తెలియదని చెప్పు, ఊహించి రాయకు. పరీక్షలో కోడ్ తప్పితే కోడ్‌ని సరిచెయ్యి, పరీక్షని మార్చకు. ఎందుకుందో అర్థం కానిదాన్ని తీసెయ్యకు, ముందు అడుగు. నేను ఇలా ఆజ్ఞలు రాసుకుపోతుంటే భాయ్ ఆపారు.

"ఊరికే చెయ్యి, చెయ్యకు అంటే చాలదు సిస్టర్. ఎందుకో కూడా రాయండి. కారణం తెలిస్తేనే మనం రాయని చోట కూడా సరిగ్గా ఉంటుంది."

అందుకని ప్రతి మాట పక్కనా కారణం రాశాం. అడగమన్న చోట ఆయనే చెప్పి రాయించారు: ఈ కోడ్ చివర చెరువు గట్టు మీద నిద్రపోతున్న మనిషి ఉన్నాడు, మనకి అనవసరం అనిపించింది అతనికి అవసరం కావచ్చు అని. రాయడం అయ్యాక ఆయన అదోలా నవ్వారు.

"ఇన్నేళ్ల ఉద్యోగంలో మనకెవరైనా తెలియదని చెప్పే హక్కు ఇచ్చారా సిస్టర్? దీనికి మాత్రం రాసిచ్చాం."

కొన్నాళ్లు బాగా నడిచింది. ఒకరోజు అది పని మధ్యలో ఆగి ఒక ప్రశ్న వేసింది. రైతుకి ఫోన్ చేసే కోడ్ లాంటిదే ఇంకొకటి కనబడుతోంది, మొదటిదానికి నకలులా ఉంది, ఎందుకుందో తెలియడం లేదు, తీసెయ్యనా అని. అది నకలు కాదు. రైతు ఫోన్ పలకకపోతే చెరువు దగ్గరుండే ఇంకొకరి ఫోన్ మోగించడానికి భాయ్ రాసింది. ఒకటి పాడైనా రెండోది నిలవాలని కావాలనే విడిగా ఉంచారు. "చూశారా, అడిగింది!" అంటూ ఆయన మురిసిపోయారు. ఉంచమని జవాబిచ్చాం.

ఓనర్‌కి మాత్రం ఆ అడగడమే నచ్చలేదు. పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారు, కొత్త వెర్షన్ చూపించాలి.

"ప్రతిదానికీ మనల్నే అడిగేటట్టయితే ఇంక అదెందుకండీ? ఆ అడగమన్న లైన్లు తీసెయ్యండి," అన్నారు మీటింగ్‌లో.

కూడదన్నాను. భాయ్ ఇంకా గట్టిగా అన్నారు. ఓనర్ మా ఇద్దరి వంకా చూసి, "మీ ఉద్యోగాలు పోతాయని భయమా?" అన్నారు. గదిలో మిగతావాళ్లు నవ్వారు. ఆ నవ్వు తర్వాత మేమేం చెప్పినా మా జీతాల కోసం చెప్పినట్టే. ఆ లైన్లు ఆయనే స్వయంగా తీసేశారు. మా ఇద్దరినీ వేరే పనిలోకి మార్చారు.

అడగొద్దన్నాక అది అడగలేదు. నకలుగా కనిపించిన ఆ కోడ్‌ని తీసేసింది. తీసేసినట్టు, అది కావాలని ఉంచిందే అయితే చెప్పమని, తన రిపోర్టులో స్పష్టంగా రాసింది కూడా. ఆ రిపోర్టు ఎవరూ చదవలేదు. చదివే పని మా దగ్గర నుంచి తీసేశారు, ఇంకెవరికీ ఇవ్వలేదు.

తర్వాత ఒక ఉదయం బంటుమిల్లి వైపు నుంచి ఒక రైతు బావమరిది ఆఫీసుకి ఫోన్ చేశాడు. తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు నిలిచిపోయాయి, రైతు ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది, గట్టు మీద పాకలోనే ఉన్న తన ఫోన్ మోగనే లేదు అని. భాయ్ కారు తాళాలు తీసుకున్నారు. ఆయన కార్లో వెళ్లాం.

మేం వెళ్లేసరికి రొయ్యలు గట్టు వార పొడవునా తెల్లగా పేరుకుని ఉన్నాయి. ఎండకి వాసన మొదలైంది. పట్టి అమ్మడానికి సిద్ధమైన పంట. రైతు భార్య నీళ్లలోకి దిగి వలబుట్టతో తోడి గట్టు మీద పోస్తోంది. పనికొచ్చేవి ఏవీ లేవని తెలిసినా ఆపడం లేదు. రైతు మాకు కుర్చీలు వేయించాడు. అది నేను మర్చిపోలేను.

"పోయినేడు మా బామ్మర్దికి ఫోనొచ్చింది కదండీ. ఈసారెందుకు రాలేదండీ?" అని అడిగాడు.

భాయ్ చెప్పారు.

"మీ బావమరిదికి ఫోన్ చేసే ఏర్పాటు తీసేశామండీ. తీసేయొచ్చా అని ఆ మిషన్ ముందోసారి అడిగింది. ఇంకెప్పుడూ అడగొద్దని దానికి మేమే చెప్పాం. తప్పు మాదండి."

మేమేమిటి, ఆ లైన్లు తియ్యొద్దని మీటింగ్‌లో గట్టిగా అన్నది భాయే. అయినా మేము అనే చెప్పారు.

అప్పటికే ఓనర్ రైతులందరికీ మెసేజ్ పంపారు, ఏఐ చేసిన సాంకేతిక పొరపాటు అని. గట్టు మీద భాయ్ చెప్పిన మాట సాయంత్రానికి ఆయన చెవిన పడింది. కంపెనీ పరువు తీశారని భాయ్‌ని ఆ వారమే పంపించేశారు. వీడ్కోలు టీ కూడా లేదు. కారిడార్‌లో ఎదురైనవాళ్లు ఫోన్లలోకి తలలు దించుకున్నారు.

తీసేసిన ఆ అడగమన్న లైన్లు చప్పుడు లేకుండా మళ్లీ పెట్టారు. వాటితో పాటు కొత్తది ఒకటి కూడా రాయమని ఓనర్ నన్నే అడిగారు. బయటివాళ్లు చూసే అవకాశమున్న రిపోర్టుల్లో, ఏం తీసేశావో రాయకు అని.

"దానికి కారణం ఏమని రాయమంటారండీ?" అన్నాను.

"కారణం అక్కర్లేదు."

"అయితే నేను రాయనండి."

ఆయన నన్ను తిట్టలేదు. నా ముందే లాప్‌టాప్ తెరిచి ఆ ఒక్క వాక్యం తనే టైపు చేసుకున్నారు. నిమిషం కూడా పట్టలేదు.

నేనింకా అక్కడే పనిచేస్తున్నాను. భాయ్ వన్‌టౌన్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నారని విన్నాను. ఆ చెరువు వేరేవాళ్లకి లీజుకి పోయింది. రైతు ఇప్పుడు ఇంకొకరి చెరువులో మేత చల్లే పనికి వెళ్తున్నాడట. ఈ సంగతి చెప్పింది అతని బావమరిదే, మొన్న ఆఫీసుకి ఫోన్ చేసి.

"మా నంబరు తీసెయ్యండి మేడమ్. మాకింక మోగక్కర్లేదు," అన్నాడు.

తీసేశాను.