వెనక్కి చూసిన మూడు గొర్రెలు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏళ్లప్పుడు, నాకు చేతకాని పని లోకంలో ఉంటుందని నేను నమ్మేదాన్ని కాదు. పుట్టపర్తిలో ఆర్నెల్లు కుట్టుపని నేర్చుకుని ముదిగుబ్బ పక్కన మా ఊరికి వచ్చేసరికి ఆ నమ్మకం ఇంకా ముదిరింది. అప్పుడే మా అక్క పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ, తొట్లె ఉయ్యాల్లో వేసే రోజుకు జేజి (మా నాయన తల్లి) తన పాత చీరలతో బొంత కుట్టేది. "ఈసారి నువ్వు సూది ముట్టొద్దు జేజీ, కొత్తరకం బొంత నేను కుడతా" అని మాటిచ్చేశాను. ఆమె సూదుల డబ్బా గూట్లో పెట్టేసింది. ఇక ఆ పిల్లకు బొంత ఉంటుందో లేదో నా చేతుల్లోనే ఉంది.

పుట్టపర్తిలో ఒక విదేశీ ఆవిడ నాకు గొర్రె బొమ్మ నమూనా ఇచ్చింది. దినపత్రికలో ఒక పేజీ అంత ఉంటుంది. ఆ కాగితం మీది గీతల వెంబడే గుడ్డముక్కలు కుట్టి, చివరికి కాగితాన్ని చింపి పారేయాలి. అంటే ఎనిమిది గొర్రెలకు ఎనిమిది కాపీలు. జిరాక్స్ షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత పెద్దది ఈడ కాదమ్మా. అనంతపురంలో ఇండ్ల ప్లాన్లు తీసే షాపుకు పో" అన్నాడు. ఆ షాపుకు ఫోన్ చేస్తే బొంతకంటే కాగితాలే ఖరీదని తేలింది. అప్పుడు వెలిగింది నా బుర్ర (అని అప్పట్లో అనుకున్నాను). నమూనా కింద ఎనిమిది పాత పేపర్లు పేర్చి, సూదికి దారం తీసేసి, గీతల మీదుగా మిషన్ తొక్కాను. అన్నింటికీ చిల్లులు పడ్డాయి. పైసా ఖర్చు లేకుండా ఎనిమిది కాపీలు! ఆ పూట నన్ను పట్టడం ఎవరివల్లా కాలేదు.

చిల్లులకు ముందూ వెనకా ఉండదని, కాగితం తిరగేస్తే గొర్రె మొహం కూడా అటుపక్కకు తిరుగుతుందని మాత్రం నాకు తట్టలేదు. చేతికి ఎట్లా వస్తే అట్లా పెట్టి కుట్టుకుంటూ పోయాను. వేడుకకు ముందురోజు పొద్దున ముక్కలన్నీ నేలమీద పరిస్తే అయిదు గొర్రెలు కుడివైపు పోతున్నాయి, మూడు ఎడమవైపు చూస్తున్నాయి. వాటిని తిప్పితే కాళ్లు పైకి లేచాయి. మళ్లీ కుట్టడానికి పొద్దూ లేదు, గుడ్డా లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

గొర్రెల్ని తోలడానికి బయల్దేరిన నాయన ఆగి చూశాడు. "ఏం పాపా, దీనికి ఏడుస్తాండావా? ఈనిన గొర్రెలు అట్లనే. పిల్ల యాడుండాదో అని నిలబడి ఎనక్కి చూస్తాంటాయి. మందంతా ఒకే పక్క తలకాయ పెట్టుకోని పోతాదా యాడన్నా?" అన్నాడు. జేజి గూట్లోంచి డబ్బా తీసుకొచ్చి నా పక్కన కూర్చుంది. "దారమెక్కించి ఇయ్యి పాపా, అడుగున నా చీరేసి కుడదాం." సాయంత్రానికి బొంత తయారైంది.

మర్నాడు తొట్లె దగ్గర అక్క అడిగింది, "ఈ మూడు ఎందుకమ్మీ ఎనక్కి చూస్తాండాయి?" అని. నేను తడుముకోకుండా నాయన మాటలన్నీ నా మాటలుగా అప్పజెప్పాను. అక్క నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నాయన మీసం సర్దుకుంటూ బయటికి నడిచాడు.

ఆ పిల్ల ఇప్పుడు హైస్కూలుకు పోతోంది. నాకు సొంత దుకాణం ఉంది, ప్రతి కాగితం మీదా పెన్నుతో గుర్తు పెట్టుకోనిదే మిషన్ తొక్కను. ఇంటికి ఎవరొచ్చినా అక్క ఆ బొంత పరిచి, "తల్లి మనసు ఎట్లుంటాదో మా చెల్లెలికి అప్పుడే తెలిసింది సూడండి" అంటుంది. అసలు సంగతి చెప్పేద్దామని ప్రతిసారీ నోరు తెరుస్తాను, అక్క మురిపెం చూసి మూసుకుంటాను. ఇరవై ఏళ్లప్పటి నాలోని తలబిరుసు పిల్లకు దొరికిన ఒక్క పొగడ్తను లాక్కోవడానికి నాకు మనసు రాదు.