గేరుబాక్సుకు రెండు రోజుల పూజ

రమణమూర్తి గారి ఉద్యోగం ఏమిటంటే, ఏమీ జరగకుండా చూడడం. హార్బరు బయట లంగరేసిన ఓడలకు మనుషుల్నీ సరుకుల్నీ మోసే మా కంపెనీ లాంచీల్లో దేన్ని ఏ రోజు ఆపి ఏ భాగం విప్పాలో, అవి పాడవకముందే ఆయన నిర్ణయించాలి. పాడైనదాన్ని బాగుచేసిన మెకానిక్కుకు దండ వేస్తారు గానీ, పాడవనివ్వని మనిషిని ఎవరు పట్టించుకుంటారు? పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి నాకు తెలుసు.

ఆయనది అమలాపురం వైపు ఊరు. కాపురం కూర్మన్నపాలెంలో. ఇంట్లోనూ ఇదే వరస. శుభ్రంగా తిరుగుతున్న ఫ్యానును దించి నూనె వేసేవారు, కూత పెడుతున్న కుక్కరుకు రబ్బరు మార్చేవారు. "ఖాళీగా ఉంటే బీరకాయలు తరగండి, బాగున్నవాటి జోలికి పోకండి" అని భార్య కుసుమకుమారి గారు మొత్తుకునేవారు.

రెండు వేల మూడులో, తుపాన్ల కాలం ముందు, నూకాలు నడిపే లాంచీ గేరుబాక్సు వంతు వచ్చింది. అంతకుముందు ఏడాది అలాంటి లాంచీయే నడిసముద్రంలో ఆగిపోయి, నూకాలు ఒక పూటంతా కొట్టుకుపోయాడు. అతనే ఆఫీసుకొచ్చి చెప్పాడు.

"బాబూ, గేరేత్తంటే గరగరమంతంది. నాకేటైనా అయితే కాశమ్మ మీ ఇంటికే వచ్చి కూకుంటాది."

కాశమ్మ అతని పెళ్లాం. నవ్వుతూనే అన్నాడు గానీ, రమణమూర్తి గారికి ఆ రోజు అన్నం సహించలేదు.

లాంచీ ఆగాలంటే మేనేజరు సాయిశంకర్ ఒప్పుకోవాలి. అతనిది ఎప్పుడూ ఒకటే మాట. "నడుత్తంది కదా గురూ, నడవనీ."

"ఆగిపోయాక ఏం చేస్తామండీ?"

"అప్పుడు బాగుసేద్దాం."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మావాళ్లు సదా సిద్ధం. నాకైతే ఒళ్లు మండిపోయేది.

మళ్లీ అడగడానికి వెళ్లేసరికి సాయిశంకర్ కొత్త మోటారు సైకిలుకు సంపత్ వినాయకుడి గుడిలో పూజ చేయించుకొచ్చి, హ్యాండిలుకు నిమ్మకాయలు సర్దుతున్నాడు. రమణమూర్తి గారు కాసేపు ఆ నిమ్మకాయల వంకే చూశారు.

"మన నూకాలు లాంచీకి కొన్నప్పట్నుంచీ అమ్మవారి పూజ లేదండి."

సాయిశంకర్ చెయ్యి ఆగిపోయింది. "ముందే సెప్పొద్దా? ఎంతసేపు పడతాది?"

"గేరుబాక్సు విప్పి, శుద్ధి చేసి, పసుపు రాయాలి కదండీ. రెండు రోజులు."

గ్రీజుకు గంట ఇవ్వని మనిషి అమ్మవారికి రెండు రోజులు ఇచ్చేశాడు. కొబ్బరికాయలు కూడా తనే తెస్తానన్నాడు.

లాంచీకి మామిడాకులు కట్టారు. పైన పంతులు గారు మంత్రాలు చదువుతుంటే కింద మెకానిక్కులు గేరుబాక్సు విప్పారు. లోపల ఒక పళ్లచక్రం సగానికి సగం అరిగిపోయి ఉంది. కొత్తది బిగించేదాకా రమణమూర్తి గారు చదివిందే మళ్లీ చదివించారు. పంతులు గారి గొంతు పోయింది. సాయిశంకర్ రెండు రోజులూ చెప్పుల్లేకుండా నిలబడ్డాడు.

నెల తిరక్కముందే గాలివాన ముంచుకొచ్చింది. నూకాలు బయట ఓడ దగ్గర ఉన్నాడు. మేమంతా జెట్టీ మీద నిలబడ్డాం. రమణమూర్తి గారు వానలో తడుస్తూ చెవి ఒగ్గి వింటున్నారు. లాంచీ ఊగుతూ వచ్చింది గానీ, గరగర లేదు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అందరూ అమ్మవారి మహిమ అన్నారు. మిగతా లాంచీలన్నిటికీ పూజలు పెట్టించమనీ, ఏడాది పొడుగునా ముహూర్తాలు రమణమూర్తి గార్నే చూడమనీ సాయిశంకర్ హుకుం వేశాడు. ఏళ్లుగా ఎవరూ కన్నెత్తి చూడని ఆయన షెడ్యూలు ఒక్క పూటలో పాసైపోయింది.

"ఒక్కడైనా గేరుబాక్సు మాట ఎత్తలేదయ్యా" అన్నారు నాతో. పైకి నవ్వారు గానీ చిన్నబుచ్చుకున్నారు.

ఆ ఆదివారం నేను కాఫీకి వెళ్లేసరికి కాశమ్మ నిజంగానే వాళ్లింటికొచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. కుసుమకుమారి గారి చేతిలో ఒక కొబ్బరిచెక్క పెట్టింది.

"ఒక సెక్క అమ్మోరికి ఇచ్చీసానమ్మా. ఇది బాబుకి. సక్రం మార్సింది ఈ బాబేనని మా ఆయన సెప్పీసినాడు."

ఆమె వెళ్లిపోయాక రమణమూర్తి గారు స్టూలు తెచ్చుకుని, చక్కగా తిరుగుతున్న ఫ్యానును ఆపి దించడం మొదలుపెట్టారు. కుసుమకుమారి గారు కొబ్బరిచెక్క పక్కన పెట్టి, వెళ్లి స్టూలు పట్టుకున్నారు.