చేతులు కదిలితే గైర్హాజరు

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని ఇలా నడుం వాల్చానో లేదో, మా ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళ కోడలు ఫోను పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. కోటగిరి పిల్ల. పెళ్ళయి నిజామాబాదు వచ్చింది, ఇంట్లో బీడీలు చేస్తూనే ఫోనులో దూరవిద్య డిగ్రీ చదువుతోంది, ఇది ఆఖరు సంవత్సరం. ఎవరికేమైందో అని గబగబా లేచాను. తీరా కళ్ళజోడు వెతికి పెట్టుకుని చూస్తే, "మీరు పాఠం మీద శ్రద్ధ పెట్టడం లేదు, ఈ తరగతికి మీరు గైర్హాజరు" అని ఉంది ఆ ఫోనులో. అదీ ఆ పిల్ల మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చున్న తరగతికి!

రాని మనిషికి హాజరు పడడం నా ఉద్యోగకాలంలో బోలెడుసార్లు చూశాను, ఆ ముచ్చట ఇప్పుడొద్దు. ఎదురుగా కూర్చున్న మనిషికి గైర్హాజరు పడడం మాత్రం ఇదే వినడం. అదేమిటని నిలదీస్తే పిల్ల కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. పాఠం జరిగినంతసేపూ ఫోను మన కళ్ళను కనిపెట్టుకుని ఉంటుందట, చూపు కిందికి వాలినా భుజాలు కదులుతూ ఉన్నా మనసు పాఠం మీద లేదని రాసుకుంటుందట, ఇలాంటివి ఇంకొన్ని పడితే పరీక్షకే కూర్చోనివ్వరట. ఈ పిల్లేమో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ పాఠం వింటుంది. పనికి ఎడం పడొద్దన్న షరతు మీదనే అత్త చదువుకు ఒప్పుకుంది.

"చేతులాపితే అత్త ఊకోదు, ఆపకుంటే ఫోను ఊకోదు. నేనేం జేయాలె పెద్దమ్మా?" అంది.

బోధన్‌లో నేను గడిపిన ఆదివారాలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

అప్పట్లో నేను బోధన్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేదాన్ని. దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్ళకు అదే కాలేజీలో ఆదివారం తరగతులు ఉండేవి. కాగితాల మీద మా హోదాకు ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది గానీ జనం నోట్లో మేము ఐతారం సార్లమూ ఐతారం మేడాలమూనే. గానుగ సీజన్ వచ్చిందంటే చెరకు ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడేవి, మన తరంవాళ్ళకు చెప్పాలా, ఊరంతా బెల్లప్పాకం మాడినట్టు ఒకటే వాసన. రాత్రి డ్యూటీ దిగిన చక్కెర ఫ్యాక్టరీ మనుషులు అదే వాసనతో వచ్చి ముందు బెంచీల్లో కూర్చుని, మొదటి పది నిమిషాలు బుద్ధిగా విని, తర్వాత బుద్ధిగా నిద్రపోయేవాళ్ళు. వెనక బెంచీలు ఆడవాళ్ళవి.

నా మొదటి ఆదివారమే ఆ వెనక బెంచీల నుంచి గలగలమని ఆకుల చప్పుడు వినిపించింది. దగ్గరికి పోయి చూద్దును గదా, ఒక్కొక్కరి ఒడిలో ఒక సంచి, సంచి మీద తునికాకు, పొగాకు. కళ్ళు బోర్డు మీద, చేతులు బీడీల మీద! సరస్వతి ఉండే చోట పొగాకేమిటని నా ఒళ్ళు మండిపోయింది. ఇంకో క్షణమైతే అందరినీ బయటికి పంపేదాన్ని. అంతలో ఆ తరగతుల బాధ్యత చూసే మా పెద్దసారు, నాకు మేనమామ వరుస అవుతారు, గుమ్మంలోంచి సైగ చేసి వరండాలోకి పిలిచారు.

"పుస్తకం వాళ్ళ ఇంటికాడ ఉన్నది బిడ్డా, చదువుకుంటున్నరు. మన దగ్గరికి ఎందుకొస్తున్నరు? యాడ ఆగిండ్రో మనం సూసి చెప్తమని. జర వాళ్ళ చేతులు సూడు, నీకే తెలుస్తది," అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. మనసులో కొంచెం విసుక్కున్నాను కూడా. కానీ రెండు మూడు వారాలు గడిచేసరికి నాకే తెలిసొచ్చింది. పాఠం సాఫీగా ఎక్కుతున్నంతసేపూ ఆ ఆకుల చప్పుడు ఒకే తీరుగా సాగేది. ఎక్కడైనా నేను తొందరపడి ఒక మెట్టు ఎగరేసి చెప్పానా, చప్పుడు టక్కున ఆగిపోయేది. చేతులు ఆగాయంటే పాఠం ఆగినట్టు. నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి, ధర పెరిగితే గిరాకీ ఎందుకు తగ్గుతుందో బోధన్ అంగట్లో ఉల్లిగడ్డల మీద పెట్టి చెప్పేదాన్ని. ఒకామె కిసుక్కున నవ్వేది, మళ్ళీ చప్పుడు మొదలయ్యేది. అర్థమైందా అని అడిగే పని ఉండేది కాదు. అడిగితే ఎవరైనా అర్థమైందనే అంటారు, మనమూ చిన్నప్పుడు అదే అన్నాం కదా. ఎదుటి మనిషిని చూసి పాఠాన్ని ముందుకో వెనక్కో జరపడమే ఐతారం మేడం పని అని నేను ఆ వెనక బెంచీల దగ్గర నేర్చుకున్నాను. ఆ ఆడవాళ్ళలో డిగ్రీ చేతికొచ్చి నౌకరీలు చేసినవాళ్ళున్నారు, బీడీలు చుడుతూనే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. అబద్ధమెందుకు చెప్పాలి.

అందుకే ఈ పిల్ల ఫోను చూసి అంత నిర్ఘాంతపోయాను. వింటున్నదనడానికి మాకు ఏది గుర్తో, అదే ఇప్పుడు వినడం లేదనడానికి సాక్ష్యమైంది! చదువు చెప్పే మనిషితో నేనే మాట్లాడతానని పట్టుబట్టాను. వారానికోసారి సందేహాల గంట ఒకటి ఉంటుందట, అప్పుడు ట్యూటర్ మేడంతో నేరుగా మాట్లాడవచ్చట. ఆ గంటకు పిల్ల పక్కన కూర్చుని, నా వయసునూ అనుభవాన్నీ కూడగట్టుకుని, ఆ మేడంను నాలుగు దులుపుదామనే ఫోను అందుకున్నాను.

తెరమీద చూస్తే చిన్నపిల్ల. నాకు మనవరాలి వయసుంటుందేమో. నేను చెప్పిందంతా ఓపికగా విన్నది. "ఆమె చేతులు నాకు రోజూ కనబడతాయమ్మా. వింటుందని కూడా తెలుసు. ఈ బ్యాచిలో నన్ను ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఆమే," అన్నది.

మరి హాజరు ఎందుకు వేయలేదంటే, వేసేది ఫోనే, తాను కాదంది. వేసినదాన్ని మార్చే వీలూ తనకు లేదంది. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "నేను కూడా పక్కకు చూడకూడదమ్మా, నాకూ గైర్హాజరు పడుతుంది," అన్నది.

కళ్ళ ముందున్న శిష్యురాలు వింటున్నదని ఒక ట్యూటర్‌కు తెలుసు, కానీ ఆ తెలియడానికి విలువ లేదు! మా రోజుల్లో జీతం తక్కువ, గదుల్లో ఫ్యాన్లు తిరిగేవి కావు, అయినా నా తరగతిలో ఎవరు ఉన్నారో ఎవరు లేరో చెప్పే హక్కు నాదే. ఆ అమ్మాయి మీద కోపం పోయి జాలి మిగిలింది, ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక ఆ వేళ చాయ్ కూడా తాగబుద్ధి కాలేదు.

ఇంకో వింత చెప్పాలి. విషయం విన్న అత్త గొడవ చేస్తుందనుకున్నాను. చేతివేళ్ళ నొప్పులని ఆమె బీడీలు మానేసి చాలా రోజులైంది. అటువంటి మనిషి లేచి వచ్చి కోడలి ఒడిలోంచి చాట లాక్కుంది. "గా గంట నేను జేస్త. నువ్వు గా ఫోన్ మొకం సూడు. పరీచ్చ పోతే ఇన్నేండ్లు చేసింది ఉత్తదే గదనే," అని గదమాయించింది. అంతకన్నా మెత్తగా మాట్లాడడం ఆమెకు రాదు.

అప్పటి నుంచి గండం గడిచినట్టే అయింది. రోజూ హాజరు పడుతోంది, పరీక్షకు అనుమతి కూడా వచ్చేసింది. నాకూ సంబరమై, మొన్నొక రోజు తరగతి ఎట్లా జరుగుతుందో చూద్దామని ఫోనుకు కనబడకుండా గోడవారగా కుర్చీ వేసుకున్నాను. ట్యూటర్ అమ్మాయి చక్కగానే చెప్పింది, బ్యాంకు వడ్డీ పెరిగితే బజారులో ఏమవుతుందో, నేను చెప్పినదానికన్నా బాగానే చెప్పింది. ఈ పిల్ల ఫోటో దిగేటప్పుడు కూర్చున్నట్టు నిటారుగా, రెప్ప వేయడానికి కూడా జంకుతూ కూర్చుంది. పక్క గదిలో అత్త వేళ్ళు పట్టేసి అబ్బా అన్నప్పుడల్లా దాని మొహంలో రంగు మారుతోంది, చూపు మాత్రం కదలడం లేదు. తరగతి ముగిసింది. శ్రద్ధగా విన్నారని ఫోను ఆ పిల్లను అభినందించింది కూడా.

ఫోను బోర్లా పెట్టి, పిల్ల నావైపు తిరిగింది. "పెద్దమ్మా, మీరు ఇన్నరు గద. మేడం ఏం జెప్పింది?"

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, వడ్డీ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. దూరవిద్యలో ఊర్లు దూరంగా ఉండేవి, పుస్తకం దూరం నుంచి వచ్చేది, మనుషులం మాత్రం వారానికి ఒకపూటైనా ఒకరికొకరం కనబడేవాళ్ళం. ఇప్పుడు రోజూ మొహాలు చూసుకుంటున్నారు, చెప్పే పిల్లా వినే పిల్లా ఇద్దరూ కళ్ళు తిప్పడానికి భయపడుతూ.