నులక ఉండ అనుకొని నేను ఎత్తుకపోయింది

నా పేరు గురమ్మ. వయసు డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. ప్రొద్దుటూరులో కూతురింట్లో ఉంటాండా... కూతురు, అల్లుడు, మనవరాలు శైలజ, నేను. నాకు అచ్చరం ముక్క రాదు. నేను చెప్తాంటే శైలజ ఫోన్లో కొడతాంది. నా మాట నున్నగా చెయ్యొద్దని దానికి ముందే చెప్పినా.

మొన్న మా ఊరోళ్ల గ్రూపులో ఎవడో రాసినాడంట... "మంచం కింద డాక్టరు గుర్తుండాడా? యుద్ధం చేసొచ్చిన మొగోడు, పట్టపగలు మంచం కింద దూరినాడు" అని. కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టినారంట. నవ్వినోళ్లంతా ఇది సదవండి.

మా చిన్నప్పుడు... ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డునుండే మా పల్లెకు ఓబులేసు డాక్టరు వచ్చినాడు. బర్మాలో తుపాకి పట్టి కొట్లాడి, తిరిగొచ్చి మదరాసులో సదివి డాక్టరైన మనిషి. నేను అన్నం తినకుంటే మా అమ్మ ఆయన పేరే చెప్పేది. "తింటావా, మిలిట్రీ డాక్టరుకు పట్టియ్యమంటావా? ఆ చేతుల్తో ఎంతమందిని సంపినాడో!" ఆయన చేతులు చూస్తేనే నాకు వణుకు...

ఆయన వైద్యం చేసే కొట్టంలో ఒకే ఒక నులక మంచం. రోగులను పండబెట్టేది దానిమీదే. అది కుంగిపోతే మళ్లా అల్లేదానికి మా అబ్బను పిలిచినాడు... అబ్బంటే మా నాయనకు నాయన. మండే మధ్యాన్నం, రోగులెవరూ లేరు. సగం అల్లేసరికి నులక అయిపోయింది.

"మ్మేయ్ గురీ, మన గడ్డివామి సందులో ఇంగో ఉండ పెట్టిండా. ఎత్తుకరాపో," అన్నాడు అబ్బ.

పేనిన నులకను ఉండ చుట్టి, ఎండకు పెళుసుబారకుండా వామి సందులో దోపేది మా ఇండ్లల్లో అలవాటు. చెయ్యి పెట్టినా. పురికొస చుట్టిన ఉండ తగిలింది. బరువుగా ఉంటే, తడిసిందేమోలే అనుకున్నా. పావడ ఒడిలో ఏసుకొని, ఎగురుకుంటా వచ్చినా...

గడప కాడ డాక్టరు చూసినాడు. మొగం సున్నం కొట్టినట్టయింది.

"గురమ్మా... ఆడే నిలబడు. కదలాకు."

"ఏంది సామీ?" అబ్బ లేచినాడు.

"మామా, నువ్వు పెరటి దావన బయటికి పో. అది నాటుబాంబు."

అబ్బ పోలే. నా తట్టే చూస్తా నిలబడినాడు.

బాంబంటే నాకు తెల్సు. పక్కూర్లో దాంతో చెయ్యి పోయిన మనిషిని చూసిండా. దానికి తోడు... నవ్వితే నవ్వండి... ఆ బరువుకు నా పావడ బొందు జారుతాంది. రెండు చేతులూ ఒడి పట్టుకొనే ఉండాయి. బొందు ఎట్ల ఎగదీసుకునేది?

"డాక్టరుమామా... పావడ జారుతాంది..."

"జారనీలే తల్లీ, వస్తాండా. ఒళ్లో చంటిబిడ్డ నిద్రపోతాందనుకో. లేపితే మీ అమ్మ కొడతాదా?"

"శానా కొడతాది."

"అట్లయితే లేపాకు."

మాట్లాడుకుంటానే వచ్చి మోకాళ్ల మీద కూసున్నాడు. నేను భయపడే ఆ చేతులు నా ఒడిలోకి వచ్చినాయి. రవ్వంత గూడా వణకలే. ఆయన చెమట నా చేతిమీద పడింది... బరువు పోయింది. పావడా పోయింది.

దాన్ని అరచేతుల్లో పెట్టుకొని, చెప్పుల్లేకుండా, కాలే ఇసకలో పెన్నలోకి నడిచినాడు. అబ్బా నేనూ గడప కాడనుంచి చూస్తాండాం. దూరంగా మడుగులో దిగి, దాన్ని నీళ్లలోకి దించి, ఇసక కప్పి వచ్చినాడు.

వచ్చినాక పట్టుకుంది వణుకు. పండ్లు టకటకా కొట్టుకుంటాండాయి. సగం అల్లిన ఆ మంచం కిందికి దూరి, మోకాళ్లు పట్టుకొని కూసున్నాడు. నేనూ దూరినా, ఆయన పక్కకు. నులక సందుల్లోంచి ఎండ గళ్లు గళ్లుగా మా మీద పడతాంది...

"మామా, ఇంట్లో ఇంగెన్ని ఉండాయి?" అన్నాడు ఆడినుంచే.

అది దాచింది మా చిన్నాయన. ఊర్లో తగాదాలు ముదిరిన రోజులు. "అన్నీ తీపిస్తా సామీ... పోలీసులకు చెప్పాకు. నా కొడుకు..." అబ్బ చేతులు జోడించినాడు.

"చెప్పను. ఉండేవి నీ కొడుకే తెచ్చి నా చేతికియ్యల్ల."

అంతలో మందుకొచ్చిన ఇద్దరాడోళ్లు గడప కాడ నిలబడినారు. "ఓయమ్మ! మిలిట్రీ డాక్టరు మంచం కింద దూరినాడే! ఎవరికి భయపడి సామీ?" ఒకటే నవ్వు. ఎందుకు దూరినాడో చెప్తే మా ఇంటి గుట్టు బయటపడతాది. ఆయన మెల్లగా నవ్వి, "అల్లిక ఎట్లుందో చూస్తాండామ్మా" అన్నాడు.

మర్నాడు మా చిన్నాయన తలొంచుకొని ఇంగో రెండు తెచ్చిచ్చినాడు. ఆనక పులివెందుల పక్కకు సేద్యానికి పోయినాడు, మళ్లా ఆ దావ తొక్కలే. డాక్టరుకు మాత్రం మంచం కింద డాక్టరనే పేరు సచ్చేదాకా పోలే. ఆయన నోరిప్పలే... మేమూ ఇప్పలే. డాక్టరు, అబ్బ, చిన్నాయన... ముగ్గురూ పోయినారు. మిగిలింది నేనొక్కదాన్నే.

ఇప్పుడు వామి లేదు, నులక లేదు... నా మంచానికి ప్లాస్టిక్ పట్టీ, కింద దూరితే వెలుతురే పడదు. ఇంగొకరి ఇల్లు కాపాడేదానికి ఊరితో నవ్వించుకున్న మనిషి మీ పల్లెలో ఉండాడా? ఉంటే రాయండి, శైలజ సదివి వినిపిస్తాది.

మంచం కింద దూరినాడని రాసినోడా... సరిగ్గా రాయి. ఆ మంచం కింద ఇద్దరం ఉండాం. రెండోదాన్ని నేను.

గురమ్మ, ఎడమచేతి బొటనేలి ముద్ర (కాగితం మీద ఏసిచ్చినా, ఫోటోలో ఉంది)
సాక్షులు: శైలజ, మనవరాలు. ఖాదర్‌బీ, పక్కింటామె.