ఆఫీసు వేళల్లో చల్లారిన పొయ్యి

1988 జూన్‌లో నన్ను రంగూన్ ఇళ్ళ శాఖలోని అద్దె సాయం విభాగానికి రెండో శ్రేణి తనిఖీ అధికారిగా వేశారు. కార్యాలయం చౌక్తడా పేటలో, న్యాయస్థానాల వెనక. అద్దె కట్టలేక ఖాళీ చేయవలసి వచ్చిన కుటుంబాల తరఫున కొన్ని నెలల అద్దెను ప్రభుత్వం నేరుగా ఇంటి యజమానికి చెల్లించేది. అంతకుముందు ఆ కుటుంబం నిజంగా ఆ గదిలోనే కాపురం ఉంటున్నదని ఒకరు నిర్ధారించి సంతకం చేయాలి. ఆ ఒకరు నేనే. రసాయన శాస్త్రంలో పట్టా ఉంది గనుక ఈ పనికి తగినవాణ్ణని పై అధికారి అనుకున్నారు. నన్ను మించినవాడు ఆసియా ఖండంలో లేడని నేను అనుకున్నాను.

కాపురానికి గుర్తు పొయ్యి అని మా నియమావళి చెప్పేది. గదిని తమ పేర ఉంచుకుని, వేరొకరికి అద్దెకిచ్చి, తాము మరోచోట ఉండేవారిని పట్టుకోవడానికి పెట్టిన నియమం అది. నా ముందువారు పొయ్యి ఉందో లేదో చూసి వచ్చేవారు. ఇది నాకు శాస్త్రీయంగా తోచలేదు. పొయ్యి ఉండటం వేరు, వెలగటం వేరు. నేను చదివిన కళాశాల ప్రయోగశాల నుంచి ఒక థర్మామీటరు అడిగి తెచ్చుకుని, కరిగే మంచులోనూ మరిగే నీటిలోనూ సరిచూసి, ఇంటింటి బూడిదలో గుచ్చి డిగ్రీలు నమోదు చేయసాగాను.

మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో రైలు స్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక వరస గదుల్లో అప్పలమ్మ కుటుంబం ఉండేది. భర్త సింహాద్రి బియ్యం మిల్లులో ఫిట్టరు. విదేశీ విడిభాగాలు రావడం ఆగిపోయి మిల్లు మూతపడింది. యజమాని అప్పటికే ఖాళీ ఉత్తర్వు తెచ్చాడు. సాయం మంజూరు కాకపోతే ఆ దంపతులు, ముగ్గురు పిల్లలు వీధిలో ఉంటారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు గదిలో పొయ్యే లేదు. పక్కగదిలో ఉండే బర్మా ముసలామె దో ఖిన్ పొయ్యి మీద వండుకుంటామని అప్పలమ్మ చెప్పింది. ‘ఆధారం లేని వాంగ్మూలం’ అని రాసుకున్నాను. దో ఖిన్‌ను అడగలేదు. పొయ్యి ఆమెదే కాబట్టి ఆమె సాక్ష్యం నిష్పాక్షికం కాదని తర్కించాను. మాట్లాడకుండా ఆ పొయ్యిలోనూ థర్మామీటరు గుచ్చాను. చల్లగా ఉంది.

“ఏటి సయా, పొయ్యికి జొరం సూత్తన్నారా?” అంది అప్పలమ్మ. సయా అంటే అక్కడ అయ్యగారు. వరసంతా నవ్వింది. ఆ నవ్వును నివేదికలో చేర్చలేదు.

రెండోసారి వెళ్ళేసరికి ఆమె గదిలో ఎరువు తెచ్చిన పొయ్యి ధగధగ మండుతోంది, మీద కుండ. మూత ఎత్తి చూశాను. ఉత్త నీళ్ళు. మోసం పట్టుకున్న సంతోషంతో ఇదేమిటని అడిగాను.

“మంట కావాలన్నారు, మంటెట్టినాం. బియ్యం సంగతి ఎవులూ సెప్పనేదు. ఏసినా మీరొచ్చీదాకా పిల్లలు ఉంచుతారేటి?” అంది.

తిరస్కరణకు సిఫారసు రాసి, మూడో తనిఖీ అనే లాంఛనం ముగించడానికి ఆగస్టులో వెళ్ళాను. అప్పటికి ప్రభుత్వం దిగిపోవాలంటూ ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం స్టేషను వైపు కాల్పులు వినపడగానే పదిళ్ళ పెద్ద ఊ బా సందు తలుపు మూయించాడు. పదేసి ఇళ్ళకు ఒకరు చొప్పున బాధ్యుడుగా ఉండే మనిషి ఆయన. నేను లోపల ఉండిపోయాను. రెండు రోజులు నాకు చాప, అన్నం ఇచ్చింది నేను మోసగత్తెగా నమోదు చేసిన మనిషే.

మర్నాడు ఇంకా తెల్లారకముందే లేపింది. “లెగండి సయా. మా వొంతు వొచ్చింది. మీ గాజుపుల్ల తెచ్చుకోండి.”

బొగ్గు కూపన్ల మీద దొరికేది; ఒక్కో ఇంటికి వచ్చేది చాలదు. ఐదిళ్ళవారు కూపన్లు కలిపి, దో ఖిన్ పొయ్యిని రోజుకు ఒక్కసారే ముట్టించి, కుండ వెంట కుండ దించుకునేవారు. సింహాద్రి కూలిపనికి పొద్దున్నే రేవుకు పోవాలి గనుక మొదటి వంతు అప్పలమ్మది. ఎనిమిదికల్లా అందరి వంటా ముగిసేది. మిగిలిన బొగ్గు కాలిపోకుండా నీళ్ళు చల్లేవారు. నేను తనిఖీకి వెళ్ళేది పదికీ నాలుగుకూ మధ్య. అన్నాళ్ళూ నేను శ్రద్ధగా కొలిచింది తడిసిన బొగ్గు ఉష్ణోగ్రత.

థర్మామీటరు జేబులోంచి తీయలేదు. నూట పది డిగ్రీలు దాటితే అది పగిలేది. చల్లారిన పొయ్యిని కొలవడానికి తప్ప పనికిరాని పరికరమని రసాయన శాస్త్ర పట్టభద్రుడికి ఆ పూట తట్టింది.

చూసింది నివేదికలో రాయాలంటే ఒక చిక్కు. రాత్రి ఉండే అతిథి పేరు వార్డు కార్యాలయంలో రాయించాలి. రాయించకపోతే అతిథికీ ఆతిథ్యమిచ్చినవారికీ శిక్షే. సమ్మెతో ఆ కార్యాలయం మూతపడింది. పరాయి ఇళ్ళలో తప్పులు వెతికి పట్టుకున్న అధికారి ఇప్పుడు తానే పేరు రాయించని అతిథి. “మా పేరెత్తకండి సయా, ఊరుకోండి,” అన్నాడు సింహాద్రి. ఊరుకుంటే సాక్ష్యం ఉండదు. కాగితం మీద నా పేరు, రాత్రి ఉండిపోయిన కారణం రాసి, తప్పు నాదేనని చేర్చి, ఊ బా చేత సంతకం పెట్టించుకున్నాను.

ప్రభుత్వం మారి కార్యాలయాలు తెరిచాక, చూసిందంతా రాసి, పాత సిఫారసు రద్దు చేయమంటూ ఆ కాగితాన్ని జతపరిచాను. అంతవరకు కోర్టూ నడవలేదు గనుక యజమాని తెచ్చిన ఖాళీ ఉత్తర్వు అమలు కాలేదు. పై అధికారి పిలిపించి, నేను తనిఖీ చేయడానికి వెళ్ళానా, భోజనానికి వెళ్ళానా అని అడిగారు. రెండూ అని విన్నవించుకున్నాను. అప్పలమ్మకు సాయం మంజూరైంది, గది నిలిచింది. నన్ను నది దాటించి తన్లిన్‌కు బదిలీ చేశారు.

వెళ్ళేముందు, అదే కొలతతో నేను తిరస్కరించిన మరో ఏడు దరఖాస్తులను తిరిగి తెరవమని కోరాను. ముగిసిన దస్త్రం తెరిచే పద్ధతి లేదన్నారు. స్వయంగా వెళ్ళి చూశాను. నాలుగు గదుల్లో కొత్తవారున్నారు. పాతవారు ఎక్కడికి పోయారో ఆ సందుల్లో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది: నా కొలతల్లో ఒక్క అంకె కూడా తప్పు కాదు. ఆ నాలుగు కుటుంబాలు ఖాళీ చేసింది ఆ సరైన అంకెల వల్లనే.